పారిపోని పిట్ట

మాల్వెర్న్,
6 ఆగస్టు 2006, ఆదివారం

సిరిల్ మామయ్యకు,

ఫోన్ చేసి చెబుదామనుకున్నాను గానీ, బొగ్గుగనిలో ముప్ఫై ఏళ్లు యంత్రాల పక్కన నిలబడిన నీ చెవులకి నా గొంతు ఎక్కదు. పైగా ఇది అరిచి చెప్పే సంగతి కాదు.

నాకో పిట్ట మచ్చికయింది.

నవ్వకు. పావురాలు పెంచేవాడికి ఇదీ ఒక వార్తేనా అనుకుంటావు. నీ పావురాలు గదంత ఉన్న నీ గూట్లో పుట్టి, నీ చేతి గింజలు తిని, నీ డబ్బా చప్పుడుకి దిగేవి. ఇది ఎవరిదీ కాని పిట్ట. ఈ ఇంటికి వచ్చిన మొదటి వారంలోనే, సామాన్లు సర్దకముందే, ఆపిల్ చెట్టుకి గింజల గొట్టం వేలాడదీశాను. కింద రాతి పళ్లెంలో నీళ్లు పెట్టాను. ఈ జులై ఎండలు నీకు గుర్తుండే ఉంటాయి. ఇక్కడ గడ్డి చాపలా ఎండిపోయింది, చుట్టుపక్కల చుక్క నీరు లేదు. పిట్టలన్నీ నా పళ్లెం చుట్టూనే. గ్రీన్‌ఫించ్‌లే పద్నాలుగు లెక్కపెట్టాను. నువ్వు పచ్చపిట్టలు అంటావే, రెక్క అంచున పసుపు గీత ఉండేవి, అవి. ఒకదాన్నొకటి తోసుకుంటూ పొద్దుతిరుగుడు గింజలు ఒలుచుకు తింటాయి. నేను తలుపు గొళ్లెం తీస్తే చాలు, ఒక్కసారిగా లేచి మాయమయ్యేవి. ఏడాదిన్నరగా అంతే.

మంగళవారం నీళ్లు నింపడానికి వెళ్తే పదమూడు ఎగిరిపోయాయి, ఒకటి ఉండిపోయింది. పళ్లెం అంచున ఈకలన్నీ పొంగించుకుని, ఉన్ని బంతిలా కూర్చుంది. నేనూ గడ్డిలో కూర్చున్నాను. గురువారం వేలితో దాని వీపు నిమిరాను. కళ్లు సగం మూసుకుంది, నిద్ర ముంచుకొస్తున్న పసిబిడ్డలా. నమ్మకం అంటే ఏమిటని ఇరవై ఏళ్లుగా విద్యార్థులకి పాఠం చెబుతున్నాను మామయ్యా. దాని బరువు ఎంతో నా చూపుడువేలికి మొదటిసారి తెలిసింది.

ఏం చూసి నమ్మిందంటావు? నీకేమైనా తెలుసా?

నీ మేనకోడలు,
డెనీస్


సీహామ్,
10 ఆగస్టు

పిల్లా,

ఉత్తరం రెండుసార్లు చదివా. నీ పిట్టకి జబ్బే.

పిట్ట నిన్ను నమ్మి ఆగలేదే, ఎగరలేక ఆగింది. ఒళ్లు పొంగించుకుందంటే చలేస్తోందని. ఈ ఎండలో చలేస్తోందంటే లోపల ఏదో తినేస్తోందని. కళ్లు మూసుకుంది చూశావా, అది నిద్ర కాదు. మళ్లీ కనిపిస్తే ముక్కు చుట్టూ చూడు. తడిగా, ఈకలు అంటుకుపోయి ఉంటాయి. గింజ నోట్లో పెట్టుకుని మింగలేక కింద పడేస్తుంటుంది. నోటి దగ్గర వాసన చూడు. పులిసిపోయిన జున్ను వాసన వచ్చిందా, అది గొంతుపుండే. మా పావురాలకి వస్తుంది. పచ్చపిట్టలకి వస్తుందని నేనెప్పుడూ వినలేదు, అది వేరే సంగతి. చూశాక చేతులు సబ్బుతో కడుక్కో. తత్వశాస్త్రం చదివినవాళ్లు చేతులు కడుక్కోరని మీ అమ్మ అనేది.

శనివారం పావురాల పందెంలో నా గళ్ల రెక్కల ఆడపావురం మూడోది వచ్చింది. రావాల్సింది మొదటే. గూట్లోకి దిగితేనే లెక్క, ఇదేమో ఇంటికొచ్చి కూడా గూటి కప్పు మీద కూర్చుని పదకొండు నిమిషాలు ముక్కుతో ఈకలు దువ్వుకుంది. నేను కింద గింజల డబ్బా గలగలలాడిస్తూ రావే తల్లీ రావే తల్లీ అని బతిమాలా. పక్క గూటి ఆల్బర్ట్ పడి పడి నవ్వాడు. పిట్టలకి బుద్ధి ఉంటుందన్నవాణ్ని తన్నాలి.

గాలి నైరుతి నుంచి, మెల్లగా.
సిరిల్ మామయ్య


మాల్వెర్న్,
16 ఆగస్టు

మామయ్యకు,

నీ ఉత్తరం వచ్చేసరికి పిట్ట చనిపోయింది. పళ్లెం పక్కనే, నీళ్లకి ఎదురుగా తల పెట్టుకుని. నిన్న గులాబీ పొద కింద ఇంకో రెండు దొరికాయి.

నువ్వు చెప్పినట్టు వాసన చూశాను. అవును, జున్నే. ఎందుకు చూశానో తెలియదు. నువ్వు తప్పని రుజువు చేద్దామనే అనుకుంటా.

ఒక మాట అడగనా? ‘నమ్మి ఆగలేదే, ఎగరలేక ఆగింది’ అని రాశావే, అది పిట్ట గురించేనా? జెఫ్రీ ఇరవై ఏళ్లు నాతో ఉండి వెళ్లిపోయిన సంగతి కూడా అందులో కలిపి అన్నావా? చదివినప్పుడు అలాగే తగిలింది. నువ్వు అలాంటివి సూటిగా అనవు, పావురాల మీద పెట్టి అంటావని మా అమ్మ చెప్పేది.

ఇంకో మాట కూడా. జబ్బుపిట్ట అనగానే నీకు తోచే వైద్యం ఏదో నాకు తెలుసు. నా పదో ఏట మీ ఇంట్లో ఎండాకాలం గడిపినప్పుడు బూడిదరంగు పావురం ఒకటి నా చేతిలోంచే తినేది. ఒక పొద్దున నేను లేచేసరికి లేదు. గూటి వెనక నుంచి నువ్వు చేతులు తుడుచుకుంటూ వచ్చి, ‘ఏమే, టిఫిన్ తిన్నావా?’ అన్నావు. ముప్ఫై నాలుగేళ్లయింది. ఆ మాట ఇంకా వినిపిస్తుంది. నేను ఏ పిట్ట మెడా విరవలేను, ముందే చెబుతున్నాను.

చచ్చిన పిట్టల్ని పరీక్షించే ప్రయోగశాల ఒకటి ఉందట. పోస్టులో పంపితే కోసి చూసి కారణం చెబుతారు. ముందు నిజం తెలియాలి కదా. వాసన రుజువు కాదు. నా గింజలవల్లే పోతున్నాయా, లేక పోయేవే నా దగ్గరికి వస్తున్నాయా? ఈ రెండూ ఒకటి కాదు. నా రెండో సంవత్సరం విద్యార్థి ఎవరైనా ఇవి కలిపేస్తే మార్కులు కోసేస్తాను.

ఇప్పటికి పదకొండు ఉన్నాయి.

డెనీస్


సీహామ్,
19 ఆగస్టు, శనివారం

పిల్లా,

పందెం రోజు. పావురాలు ఏ క్షణమైనా వస్తాయి. ఒక కన్ను ఆకాశం మీద పెట్టి రాస్తున్నా, అక్షరాలు వంకరపోతే ఏమనుకోకు.

ఈ పార్సిల్లో టీ డబ్బా ఉంది. డబ్బాలో మాత్రలు. గొంతుపుండుకి మేం వాడేవే. నాలుగున్నర లీటర్ల నీళ్లకి ఒక మాత్ర, ఏడు రోజులు. వేరే నీళ్లు ఎక్కడా ఉండకూడదు. ముప్ఫై ఏళ్లుగా వాడుతున్నా, నా గూట్లో ఈ జబ్బుతో పోయినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

మిగతా సంగతి తర్వాత రాస్తా. అదుగో, ఆల్బర్ట్ కేకేస్తున్నాడు.

గాలి పడమర. గట్టిగా.
సిరిల్


మాల్వెర్న్,
27 ఆగస్టు, ఆదివారం

మామయ్యకు,

మాత్రలు అందాయి. మందు పంపావు. మెడ విరవమంటావనుకున్నాను. సిగ్గుపడ్డాను.

నువ్వు చెప్పినట్టే పళ్లెంలో కలిపాను. చుట్టుపక్కల వేరే నీళ్లు లేకుండా చేయడం నా వశం కాదు కదా, అందుకని నా నీళ్లే అందరికీ నచ్చేలా చూశాను. రెండో పళ్లెం కూడా పెట్టాను. గింజలు మరిన్ని పోశాను, ఎక్కువసార్లు వస్తే ఎక్కువసార్లు తాగుతాయని. పని చేస్తోందనే అనుకుంటున్నాను! నిన్న పొద్దున పంతొమ్మిది పచ్చపిట్టలు. కొత్తవి కూడా వస్తున్నాయన్నమాట. చనిపోయినవి మూడు దొరికాయి, కానీ అవి మందుకి ముందే బాగా ముదిరినవి అయ్యుండాలి. అయ్యుండాలి అని రాశాను చూశావా, తెలియదు అని రాయాలి.

శుక్రవారం ఒకదాన్ని ప్రయోగశాలకి పంపాను. మూడు ప్లాస్టిక్ సంచుల్లో చుట్టి, అట్టపెట్టెలో పెట్టి పోస్టాఫీసుకి తీసుకెళ్లాను. కౌంటర్ దగ్గరావిడ అడిగింది:

‘‘ఇందులో ఏముందండీ?’’

‘‘పిట్ట.’’

‘‘పింగాణీదా?’’

‘‘కాదండీ. నిజందే. చనిపోయింది.’’

నా వెనక వరుసలో మాటలు ఆగిపోయాయి. ఆవిడ తొణకలేదు.

‘‘పగిలే వస్తువా?’’

‘‘ఇక పగలడానికి ఏముందండీ.’’

‘‘కారేదా?’’

‘‘ఇప్పటికైతే కాదు.’’

ఆవిడ ముద్ర గట్టిగా కొట్టబోయి, ఆగి, మెల్లగా కొట్టింది. ఆ మర్యాద నాకు భలే నచ్చింది.

జవాబు వచ్చేదాకా ఏదీ మార్చదలచుకోలేదు. మధ్యలో మారిస్తే దేనివల్ల ఏం జరిగిందో ఎప్పటికీ తేలదు. పక్కింటి బీవన్ గారు నిన్న కంచె మీంచి చూసి, ‘‘మీ తోట ఏ ధర్మసత్రానికీ తీసిపోదండీ’’ అన్నారు. రిటైరైన భూగోళం మాస్టారు ఆయన, జేబులో ఎప్పుడూ పిప్పరమెంట్లు ఉంటాయి. పొగిడారో లేదో నాకు తెలియలేదు గానీ సంతోషించాను.

నీ పావురం మొదటిది వచ్చిందా?

నీ డెనీస్


సీహామ్,
30 ఆగస్టు

పిల్లా,

ఇది కూర్చుని, కళ్లజోడు పెట్టుకుని రాస్తున్నా. నువ్వూ కూర్చుని చదువు.

తప్పు నాది. మాత్రలు నా గూటి లెక్కలో పంపా. నా గూట్లో పావురాలు నలభై రెండు, తాగే తొట్టి ఒకటి. ఎవడు తాగాడు, ఎవడు తాగలేదు నాకు తెలుసు. తాగనివాడి ముక్కు పట్టుకుని పోస్తా. నీ తోటకి తలుపేదీ? ఒకటి ఒక గుక్క తాగి పోతుంది. ఇంకోటి మందు పూర్తిగా తాగకుండా ఉమ్ము కలిపి పోతుంది. ఆ ఉమ్ములోనే ఉంది జబ్బు. మింగలేక కక్కిన గింజ ఇంకోటి తింటుంది. పంతొమ్మిది వచ్చాయని మురిసిపోయావు చూడు, అక్కడే గుండె గుభేలుమంది. నీ మందు పళ్లెం ఇప్పుడు జబ్బు పంచే పళ్లెం. రెండో పళ్లెం పెట్టానన్నావు. దేవుడా.

ఇప్పుడు ఆ బూడిదరంగు పావురం సంగతి.

దానికి గొంతుపుండు ఆదివారమే కనిపెట్టా. అప్పట్లో ఈ మాత్రలు మాకెక్కడివి? మా నాన్నయితే ఆదివారమే తేల్చేసేవాడు. నేను గూట్లోకి వెళ్లేసరికి నువ్వు నేలమీద కూర్చుని ఉన్నావు, అది నీ అరచేతిలో తింటోంది. తింటోందని నువ్వనుకున్నావు. తీసుకుని పడేస్తోంది. నీ మొహం చూసి బయటికొచ్చేశా. సోమవారం వెళ్తే నువ్వు అక్కడే. మంగళవారం, బుధవారం కూడా. నాలుగు రోజులు ఆగా. గురువారం పొద్దున పని ముగించా. ఆ నాలుగు రోజుల్లో అది తాగిన తొట్టిలో తాగినవి ఆరు, తర్వాత రెండు వారాల్లో వరసగా పోయాయి. అందులో ఒకటి పందెంలో ఫ్రాన్సు నుంచి ఎగిరొచ్చిన ముసలిది. నువ్వు అప్పటికే మీ ఊరెళ్లిపోయావు. చెప్పొద్దని మీ అమ్మతో ఒట్టు వేయించుకున్నా.

నీకు బాధ కలగాలని చెప్పట్లేదు. ఆగితే ఏమవుతుందో ఆగి చూసినవాణ్ని గనక చెబుతున్నా. జవాబు కోసం ఆగకు.

గొట్టం దించెయ్. పళ్లేలు బోర్లించెయ్. కడిగి ఎండలో పెట్టు. ఎండితే ఈ జబ్బు బతకదు. కింద రాలిన గింజలు ఊడ్చెయ్. అవి నీ దగ్గరికి రాకూడదు. ఎక్కడికో అక్కడికి చెదిరిపోవాలి. ఏమీ అయిపోవు, కంచెల్లో కాయలున్న కాలం ఇది.

జెఫ్రీ గురించి నేనేమీ అనలేదు. వాడు ఎప్పుడైనా నా లెక్కలో ఉన్నాడా?

గాలి లేదు.
మామయ్య


మాల్వెర్న్,
9 సెప్టెంబర్, శనివారం

మామయ్యకు,

నీ ఉత్తరం నిలబడే చదివాను, మళ్లీ కూర్చుని చదివాను. ఆ ఆరింటి గురించి ఏం రాయాలో తెలియక ఇన్నాళ్లు పట్టింది. ఇప్పుడూ తెలియదు. నా కోసం ఆగిన మనిషిని ఆగలేదని ఇన్నేళ్లు తిట్టుకున్నాను. అంతకంటే రాయలేను.

ప్రయోగశాల నుంచి మంగళవారం జవాబు వచ్చింది. రెండే వాక్యాలు, చాలా మర్యాదగా. మీరు పంపిన పక్షి పరీక్షకి పనికిరాని స్థితిలో అందింది, ఇకముందు వారాంతంలో పంపవద్దని మనవి. శుక్రవారం పోస్టు చేశాను కదా. సోమవారం సెలవు. నాలుగు రోజులు ఏదో గదిలో, ఆ వేడిలో, మూడు సంచుల్లో. క్యాలెండర్ చూసుకోవాలని తోచలేదు. మెత్తగా ముద్ర వేసిన ఆవిడైనా చెప్పి ఉండొచ్చు, పాపం ఆవిడని ఏమనాలి.

అంటే, నేను ఎదురుచూసిన రుజువు లేదు. ఇక రాదు కూడా. చనిపోయినవి ఈ పూటకి పదమూడు.

మంగళవారమే గొట్టం దించాను. పళ్లేలు కడిగి గోడకి ఆనించి ఎండబెట్టాను. గింజలు చీపురుతో, తర్వాత చేత్తో ఏరాను. బుధవారం పిట్టలు వచ్చి, గొట్టం ఉండాల్సిన చోట గాలిలో రెక్కలు కొట్టుకుంటూ ఒక్క క్షణం ఆగాయి. లోపలికి వెళ్లి కర్టెన్ వేసుకున్నాను.

గురువారం బీవన్ గారు కంచె దగ్గరికి వచ్చారు.

‘‘ఊరెళ్తున్నారా డెనీస్ గారూ?’’

‘‘లేదండీ.’’

‘‘మరి గొట్టం దించేశారే?’’

‘‘పిట్టలకి జబ్బు అంటుకుంటోందేమోనండీ, అందరూ ఒకేచోట తినడంవల్ల... కావచ్చు.’’

‘‘ఎవరు చెప్పారు?’’

‘‘మా మామయ్య.’’

‘‘పశువుల డాక్టరా?’’

‘‘కాదండీ. బొగ్గుగనిలో చేసేవాడు.’’

ఆయన నాకొక పిప్పరమెంటు ఇచ్చారు. జాలిపడ్డప్పుడు ఇస్తారని ఈమధ్యే కనిపెట్టాను. ‘‘ప్రయోగశాల వాళ్లేమన్నారు?’’ అని అడిగారు. పిట్ట కుళ్లిపోయిందని చెప్పాను. ‘‘అయితే ఏమీ తెలియదన్నమాట’’ అన్నారు. అవునన్నాను. అబద్ధం ఎలా చెప్పను?

ఆ సాయంత్రమే ఆయన తన వైపు కంచెకి రెండు కొత్త గొట్టాలు కట్టారు. ‘‘మీ మీద కోపంతో కాదండీ, పాపం ఆకలితో ఉంటాయి కదా అని’’ అన్నారు. ఇప్పుడు పిట్టలన్నీ అక్కడే. నేను చేసిందల్లా జబ్బుని నాలుగు గజాలు జరపడం.

ఏమని చెప్పను ఆయనకి? ‘కావచ్చు’ అంటే వినరు. ‘కచ్చితంగా’ అనడానికి నా దగ్గర ఏముంది?

ఇంకొకటి. పావురాల జబ్బు పచ్చపిట్టలకి రావడం ఎప్పుడూ వినలేదన్నావు. మరి ఎక్కడి నుంచి వచ్చినట్టు? దారితప్పిన పందెపు పావురాలు తోటల్లో ఆగి నీళ్లు తాగుతాయి కదా. నిందించడానికి కాదు, ఊరికే తెలుసుకుందామని అడుగుతున్నాను.

డెనీస్


సీహామ్,
13 సెప్టెంబర్

పిల్లా,

ఆఖరి ప్రశ్న గూట్లో నిలబడి చదివా. తెలియదు. నావైనా కావచ్చు, అడవి పావురాలైనా కావచ్చు. అరవై రెండేళ్ల వయసులో ఈ మాట రాయడం ఇదే మొదటిసారనుకుంటా, ఆల్బర్ట్‌కి చూపించకు. నీ ఉత్తరం అందిన రోజు నుంచి నా తొట్లు రోజూ రెండుసార్లు తోముతున్నా. దానివల్ల నీకు ఒరిగేదేం లేదు, అయినా తోముతున్నా.

ఆ బీవన్ మంచివాడే. అదే వచ్చిన చిక్కు. దుర్మార్గుడైతే గింజలు పెట్టేవాడే కాదు. వాదించకు వాడితో. నువ్వు వాదిస్తే అవతలివాడి వైపు నుంచి కూడా నువ్వే వాదిస్తావు, చిన్నప్పట్నుంచీ చూస్తున్నాగా. వాడిని పిట్ట దగ్గరికి తీసుకెళ్లి వాసన చూడమను.

నీకు కష్టంగా ఉంటుంది, తెలుసు. నాకు చూడు, పదేళ్లప్పట్నుంచీ డబ్బా పట్టుకుని ఆకాశంలోకి చూస్తూ రమ్మని పిలవడమే పని. పోపొమ్మనడం ఎలాగో నేనూ నేర్చుకోలేదు. నీకు ఏం నేర్పను? పొద్దున్నే తలుపు తీయకు, అంతే. ఖాళీ తోటని చూసే ఓపిక పెట్టుకో.

తూర్పుగాలి, తడి.
మామయ్య


మాల్వెర్న్,
15 అక్టోబర్, ఆదివారం

మామయ్యకు,

నెల రోజులు రాయలేదని కోప్పడి ఉంటావు. చెప్పడానికి ఏదైనా జరగాలని చూశాను. జరగకపోవడమే జరిగింది. అన్నీ వరసగా చెబుతాను.

నీ ఉత్తరం అందిన శనివారం పొద్దున, గుండె గట్టి చేసుకుని బీవన్ గారి గేటు తీశాను. దారంతా వాక్యాలు కూర్చుకుంటూనే ఉన్నాను. ఆయన కంచె పక్కన గడ్డిలో మోకాళ్ల మీద ఉన్నారు, టోపీ తీసి పక్కన పెట్టుకుని. నన్ను చూసి వేలు పెదవుల మీద పెట్టుకున్నారు.

‘‘మెల్లగా రండి, మెల్లగా! ఇటు చూడండి. కదలట్లేదు!’’

ఆయన చూపుడువేలు పచ్చపిట్ట వీపు మీద ఉంది. ఉన్ని బంతిలా ఉంది పిట్ట. కళ్లు సగం మూసి ఉన్నాయి.

‘‘ముప్ఫై ఏళ్లుగా పిట్టల్ని చూస్తున్నానండీ. ఒక్కటంటే ఒక్కటి దగ్గరికి రానివ్వలేదు. ఇవాళ ఇది నన్ను ఎంచుకుంది. మా ఆవిడ ఉండి ఉంటే చూసేది.’’

మామయ్యా, నాలుగు రోజులు నువ్వు గూట్లోకి రావడం, బయటికి వెళ్లిపోవడం నాకు అప్పుడు కనిపించింది. వెనక్కి తిరిగి మా ఇంటికి వెళ్లిపోవాలనిపించింది. రేపు చెబుదాం, ఒక్కరోజులో ఏమవుతుంది అనిపించింది. తలపైన గొట్టానికి పన్నెండో పదమూడో వేలాడుతూ తింటున్నాయి.

‘‘నమ్మి ఆగలేదండీ. ఎగరలేక ఆగింది’’ అన్నాను.

కావచ్చు అనలేదు. ఏమో అనలేదు. ఆయన నావైపు చూసిన చూపు ఎలాంటిదో నాకు బాగా తెలుసు, ఆగస్టులో నీ ఉత్తరాన్ని అలాగే చూశాను. ‘‘మూతి దగ్గర వాసన చూడండి’’ అన్నాను. ఆయన చాలాసేపు చూడలేదు. తర్వాత వంగారు. లేచాక జేబులోంచి పిప్పరమెంటు తీసి, కాగితం విప్పి, మళ్లీ చుట్టి జేబులో పెట్టుకున్నారు.

గొట్టాలు ఆయనే విప్పారు. నేను నిచ్చెన పట్టుకున్నాను. పిట్ట ఆయన టోపీలో మధ్యాహ్నం దాకా ఉంది.

‘‘మీ మామయ్యకి నేనంటే చాలా తెలివితక్కువవాణ్ని అనిపించి ఉంటుంది’’ అన్నారు టీ తాగుతూ.

‘‘లేదండీ. మంచివాడన్నాడు. అదే చిక్కన్నాడు.’’

ఆయన ఆలోచించి, ‘‘గనుల్లో ఇలాంటి మాటలు నేర్పుతారా?’’ అన్నారు.

ఆ వారంలో ఆయన వైపు నాలుగు, నా వైపు ఒకటి దొరికాయి. మొత్తం పద్దెనిమిది. ఆ తర్వాత ఒకటి కూడా లేదు. చచ్చినవి లేవు, బతికినవీ లేవు. నా కిటికీ ముందు ఆపిల్ చెట్టు ఉంది, ఆకాశం ఉంది, అంతే. రోజూ పొద్దున పుస్తకంలో సున్నా రాసుకునేదాన్ని. ఖాళీ తోటలో కూడా చూడటానికి చాలా ఉంటుందని మొదటి పది రోజులు నాకు నేనే చెప్పుకున్నాను. అబద్ధం. ఏమీ ఉండదు. నువ్వు చెప్పినట్టు ఓపిక పెట్టుకోవడమే.

మేం చేసింది పనిచేసిందా, లేక సెప్టెంబర్ వానలకి జబ్బు దానంతటదే పోయేదా? నాకు తెలియదు. మా గొట్టాలు దించకపోతే ఏమయ్యేదో చూపించే రెండో తోట నా దగ్గర లేదు. ఆగస్టు ఆరునే నీకు రాయకుండా, ఆ రోజే దించి ఉంటే ఎన్ని మిగిలేవో కూడా తెలియదు. దాన్ని గురించి ఎక్కువ ఆలోచించనని బీవన్ గారికి మాటిచ్చాను. నిలబెట్టుకోలేకపోతున్నాను.

ఇవాళ పొద్దున ఇద్దరం కొండ మీదికి నడిచాం. ఆయన మోకాళ్ల కోసం అయిదుసార్లు ఆగాం. పైన పచ్చికబీడు దాటాక అడవి గులాబీ కంచె ఉంది, ఈ ఏడు ఎర్రగా విరగకాసింది. దూరం నుంచి కంచె కదులుతున్నట్టుంది. గాలేమో అనుకున్నాను. దగ్గరికి వెళ్తే పిట్టలు. పచ్చపిట్టలు. కాయలు చీల్చి గింజలు తింటున్నాయి, ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి, అరుచుకుంటున్నాయి.

‘‘మనవేనా?’’ అని గుసగుసలాడారు బీవన్ గారు.

‘‘ఎలా తెలుస్తుందండీ?’’

ఇరవై ఉంటాయా, ముప్ఫై ఉంటాయా? అలవాటుకొద్దీ వేలెత్తి మొదటి కొస నుంచి మొదలుపెట్టాను. ఆరు, ఏడు. ఆయన దగ్గు ఆపుకోలేకపోయారు, పాపం. అంతే, కంచె మొత్తం ఒక్కసారిగా లేచి, పసుపు గీతలు తళుక్కుమని లోయ మీదికి పోయింది. ఒక్కటి కూడా వెనకబడలేదు. అది మాత్రం చూశాను.

‘‘ఎంత కృతఘ్నత!’’ అన్నారు బీవన్ గారు, నవ్వుతూ, కళ్లు తుడుచుకుంటూ.

ఎన్ని ఉన్నాయో రాద్దామనే కాగితం తీశాను మామయ్యా. రాయలేను. లెక్కపెట్టేదాకా ఆగలేదు అవి.

నీ
డెనీస్